ఆదివాసీ సముదాయాలు, స్థానిక విద్య: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్

ఆదివాసీ పిల్లలకు వారి గూడెంలోనో, తండాలోనో, నడిచి వెళ్లగల దూరంలోనో నడిచే బడి, ఆ బడిలో వారి ఇంటి భాషకూ జీవన విధానానికీ దక్కే చోటు, దాని నడకపై సముదాయానికి ఉండే మాట: ఈ మూడూ కలిస్తే ఆదివాసీ స్థానిక విద్య అవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. పర్లాకిమిడి కొండల్లో గిడుగు రామమూర్తి తెరిపించిన సవర బడులు, ఆదిలాబాద్ అడవుల్లో 1943లో మొదలైన మార్లవాయి శిక్షణ కేంద్రం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో వచ్చిన ఎనిమిది భాషల వాచకాలు ఇందులో ముఖ్య ఘట్టాలు. పిల్లల భాష వచ్చిన ఉపాధ్యాయుడు దొరికిన చోట బడి ఊరిదైంది. ఆ ఏర్పాటును నిలబెట్టిన అధికారో పథకమో తెరమరుగు కాగానే పని మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవలసి వచ్చింది. ఈ చరిత్ర పొడుగునా కనిపించే ప్రధాన సమస్య ఇదే.

హైదరాబాద్ పశ్చిమాన ఉన్న లింగంపల్లి షెడ్యూల్డు ప్రాంతం కాదు. అయినా ఈ విషయంలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆదివాసీ భాషలపై పని చేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం దాని పక్కనే ఉంది. సైబరాబాద్ కట్టడాల కోసం వలస వచ్చిన కుటుంబాల పిల్లల చదువు కూడా ఇక్కడి సమస్యే (చూ. లింగంపల్లి ప్రాంతం).

పరిధి, చట్టపరమైన ఆధారం

రాజ్యాంగం 342వ అధికరణం కింద ప్రకటించిన తెగలను షెడ్యూల్డు తెగలు అంటారు. ప్రభుత్వ పత్రాల్లో గిరిజనులు అన్న మాటే ఎక్కువ. ఈ సముదాయాలు తమను తాము ఆదివాసులని చెప్పుకుంటాయి. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యాభివృద్ధిని 46వ అధికరణం రాజ్యం బాధ్యతగా పేర్కొంటుంది. 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ బోధన ఆచరణ సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఆ చట్టం కింద చేసిన నియమాల ప్రకారం ఆవాసానికి ఒక కిలోమీటరులోపు ప్రాథమిక పాఠశాల, 3 కిలోమీటర్లలోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలి. ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాట వల్ల భాష విషయంలో ఈ చట్టం సలహా దగ్గరే ఆగింది. దూరం విషయంలో మాత్రం లెక్కకు అందే హామీ ఇచ్చింది.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే షెడ్యూల్డు (ఏజెన్సీ) ప్రాంతాలు తెలంగాణలో ఆదిలాబాద్ నుంచి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం మీదుగా నాగర్‌కర్నూల్ నల్లమల వరకు, ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం కొండల నుంచి గోదావరి ఏజెన్సీ వరకు విస్తరించి ఉన్నాయి. మైదానంలోని లంబాడా తండాలు, ఎరుకల, యానాది వాడలు ఎక్కువ భాగం వీటి వెలుపలే ఉన్నాయి. ఏజెన్సీ విద్యకు ఉన్న ప్రత్యేక యంత్రాంగం మైదాన గిరిజనులకు ఆ స్థాయిలో లేదు.

సముదాయాలు, భాషలు

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని షెడ్యూల్డు తెగల జనాభా 59.18 లక్షలు, అంటే మొత్తంలో 7 శాతం. ఇందులో సగానికి పైగా నేటి తెలంగాణలో ఉన్నారు. గోండు, కోలాం, పర్ధాన్, తోటి తెగలు ప్రధానంగా పాత ఆదిలాబాద్ జిల్లాలోనూ, కోయలు, కొండరెడ్లు గోదావరి పరీవాహకంలోనూ, చెంచులు నల్లమలలోనూ, లంబాడాలు తెలంగాణ అంతటా ఉంటారు. ఉత్తరాంధ్రలో సవర, జాతాపు, గదబ, బగత, కొండదొర, కోదు తెగలు, నెల్లూరు వైపు యానాదులు ఎక్కువ. చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి తెగలను తెలంగాణలో అతి బలహీన ఆదివాసీ సమూహాలుగా గుర్తించారు.

భాషల దృష్ట్యా ఈ పిల్లలు ఒకే వర్గం కారు. గోండి, కోయ, కోలామీ, కువి, కొండ (కూబి) ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానిది. లంబాడీ, ఆదివాసీ ఒడియా ఇండో ఆర్య భాషలు. గదబల్లో ఒక శాఖ ముండా భాషను, మరొక శాఖ ద్రావిడ భాషను మాట్లాడుతుంది. చెంచులు, యానాదులు, కొండరెడ్లు మాట్లాడేది తెలుగే, అయితే బడి పుస్తకంలోని తెలుగుకు అది చాలా దూరం. ఒకటో తరగతిలో చేరిన సవర బాలికకు తెలుగు పూర్తిగా పరాయి భాష. చెంచు బాలుడికి ఎదురయ్యే ఇబ్బంది వేరు: తన యాసను తప్పుగా లెక్కించే తెలుగు అది. ఈ తేడాలను పట్టించుకోని ఒకే పాఠ్యపుస్తకం ఇద్దరికీ న్యాయం చేయలేదు.

బడికి బయట చదువు

బడి రాకముందు ఈ సముదాయాల్లో చదువు లేదనుకోవడం సరికాదు. గోండుల దేవతల పుట్టుపూర్వోత్తరాలను, గోత్రాల కథలను కిక్రీ వాయిద్యంపై పాడి తరతరాలకు అందించేది పర్ధాన్లు, తోటీలు. పెర్సాపేన్ జాతరలో ఈ పాటలు వినడం గోండు పిల్లలకు చరిత్ర పాఠమే. దండారి పండుగలో వేసే గుస్సాడీ నృత్యాన్ని తరువాతి తరాలకు నేర్పిన మార్లవాయి వాసి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. చెంచు పిల్లలు తేనె తీయడం, దుంపలు గుర్తించడం పెద్దల వెంట అడవిలో తిరుగుతూ నేర్చుకుంటారు. పుష్యమాసపు జాతరలకు, పంట కోతలకు, ఇప్పపూల సేకరణకు కుటుంబమంతా కదులుతుంది. బడి పనిదినాల పట్టికలో ఈ రోజులకు చోటు ఉండదు. ‘గైర్హాజరు’ కింద నమోదయ్యే దినాల్లో కొన్ని నిజానికి ఇలా నేర్చుకునే దినాలు.

చరిత్ర

*సవర బడులు.* పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పని చేసిన గిడుగు రామమూర్తి (1863–1940) సంతకు వచ్చే సవరల మాట విని ఆ భాష నేర్చుకున్నాడు. తెలుగువారు ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఎక్కువగా గుర్తుంచుకున్నారు. సవరల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టి, సవర తెలిసినవారిని పంతుళ్లుగా నియమించి, ఆ భాషలో వాచకాలు రాసినవాడు ఆయనే. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. పిల్లలు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలన్న వాదన ఆయనకు తెలుగు విషయంలోనూ, సవర విషయంలోనూ ఒకటే. రెండో దానికి ఆ తర్వాత వారసులు తక్కువయ్యారు.

*సెటిల్మెంట్ల బడులు.* మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలు తదితరులను కట్టడి చేసిన సెటిల్మెంట్లలోనూ బడులు నడిచాయి. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యాన ఏర్పడిన స్టువార్టుపురం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి వీటిలో పేరున్నవి. అక్షరాస్యత వచ్చింది, కానీ నిఘా నీడలో వచ్చింది. స్థానిక విద్యకు ఇది ఆదర్శం కాదు, ఆదివాసులపై బడిని అదుపు సాధనంగా వాడిన తీరుకు ఉదాహరణ.

*మార్లవాయి.* నైజాం రాజ్యంలో గోండుల భూములు పట్టాల పేరిట చేతులు మారడం, అటవీ శాఖ గ్రామాలను ఖాళీ చేయించడం 1940లో జోడేఘాట్ తిరుగుబాటుకు దారితీశాయి. దాని నాయకుడు కుమ్రం భీం ఆ పోరాటంలో కాల్పుల్లో మరణించాడు. దాని తర్వాత గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియన్ మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకుండా కట్టడి చేసింది. ఆ నిర్బంధమే ఆయన చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండులపై మూడు గ్రంథాలు రాయడానికి వీలు కల్పించింది.

హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మకాం పెట్టిన మార్లవాయి (నేటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం) 1943లో గోండు విద్యా పథకానికి కేంద్రమైంది. పథకానికి మొదట ఎదురైన చిక్కు ఉపాధ్యాయులు లేకపోవడం. బయటి నుంచి పంతుళ్లను తెస్తే వారికి గోండి రాదు, అడవి ఊళ్లలో నిలవరు. చదువు వచ్చిన గోండులు దాదాపు లేరు. అందుకని గోండు యువకులనే ఎంచి, వారికి ముందు చదవడం రాయడం నేర్పి, తరువాత బోధన నేర్పి, తమ ఊళ్లకే పంతుళ్లుగా పంపించారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కాబట్టి గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. వాటిలో పాఠాలు గోండుల కథలు, వారి ఊరి జీవితమే. పిల్లలు గోండిలో చదవడం వచ్చాక రాజ్యంలో చెలామణీలో ఉన్న ఇతర భాషల్లోకి వెళ్లేవారు. శిక్షణ పొందినవారిలో కొందరు బడి పంతుళ్లయ్యారు, కొందరు పట్వారీ, అటవీ శాఖ చిరుద్యోగాల్లోకి వెళ్లారు. అలా గోండు ఊళ్లకూ సర్కారుకూ మధ్య మొదటిసారి గోండులే నిలబడ్డారు. ఆ కాలపు గిరిజన అధికారుల్లో సేతుమాధవరావు పగిడి గోండి, కోలామీ భాషలకు వ్యాకరణాలు రాశాడు. కోయల కోసం వరంగల్ వైపు ఇదే తరహా పథకం మొదలైంది.

పథకం పెద్ద భవనాల మీద ఆధారపడలేదు. ఊరివాళ్లు కట్టిన పాకలో, ఊరికి బంధువైన పంతులుతో బడి నడిచింది. 1948 తర్వాత పాలన మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బోధన భాష తెలుగైంది, దేవనాగరి గోండి పుస్తకాలు వాడుక తప్పాయి. 1970ల్లో మళ్లీ వచ్చి చూసిన హైమెండార్ఫ్ 1982లో ప్రచురించిన గ్రంథంలో గిరిజన విద్యను ప్రత్యేకంగా చర్చించాడు. 1987లో హైదరాబాద్‌లో మరణించిన బెట్టీని మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమెండార్ఫ్ అస్థికలనూ తరువాత అక్కడికే చేర్చారు.

*1956 నుంచి.* రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం ఆశ్రమ పాఠశాలలపై దృష్టి పెట్టింది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఆవాసాల పిల్లలను ఒకచోట చేర్చి తిండి, బట్ట, పుస్తకం ఇచ్చి చదివించడం వాటి ఉద్దేశం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల మరొక నమూనా ఇచ్చింది. ప్రతిభ ఆధారంగా ఎంపిక చేసిన గ్రామీణ విద్యార్థులకు ఆవాస విద్య అందించే ఈ పద్ధతిని తరువాత గిరిజన గురుకులాలు అనుసరించాయి. 1970ల మధ్యలో, ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, గిరిజన ఉపప్రణాళికతో పాటు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి.

చిన్న ఆవాసాల్లో బడి లేదన్న లోటు మాత్రం ఉండిపోయింది. 1980ల చివర, 1990ల్లో గిరిజన విద్యా వికాస కేంద్రాలు, ‘మాబడి’ పేరిట ఏకోపాధ్యాయ బడులు ఆ లోటును కొంత పూడ్చాయి. చోటు ఊరివాళ్లు చూపారు, పంతులు ఆ ఊరి యువకుడో యువతో. జీతం స్వల్పం. అర్ధ శతాబ్దం క్రితం మార్లవాయిలో తేలిన పరిష్కారమే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది, ఈసారి భాషా వాచకాలు లేకుండా.

బడుల రకాలు

ఆవాసంలోనే నడిచే గిరిజన ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులు 1 నుంచి 5 తరగతుల వరకు చెబుతారు. ఆశ్రమ పాఠశాల గిరిజన సంక్షేమ శాఖది, సాధారణంగా పదో తరగతి వరకు వసతితో ఉంటుంది. గిరిజన గురుకులాలు ప్రత్యేక సంస్థ కింద ప్రవేశ పరీక్షతో, ఇంటర్మీడియట్ దాకా నడుస్తాయి. కేంద్ర నిధులతో 1997–98లో మొదలైన ఏకలవ్య ఆదర్శ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతులు ఉంటాయి. బాలికలకు కస్తూర్బా విద్యాలయాలు 2004 నుంచి ఉన్నాయి. వీటికి తోడు వసతి గృహాలు, ఎంపికైన పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు బడుల్లో చేర్పించే పథకం కూడా ఉన్నాయి.

ఊరి బడికి, ఆవాస విద్యకు మధ్య ఉన్న తేడా కేవలం వసతిది కాదు. ఊరి బడిలో తల్లిదండ్రులు రోజూ పంతులును చూస్తారు, అడుగుతారు. ఆశ్రమ పాఠశాలలో బాలుడికి మూడు పూటలా భోజనం, చదువుకునే చోటు దొరుకుతాయి. ఇంటి భాష, పండుగ, పొలం పని మాత్రం సెలవులకే పరిమితం అవుతాయి. ప్రభుత్వ వ్యయం, విధాన దృష్టి క్రమంగా రెండో వైపుకే మొగ్గాయి. పిల్లలు తగ్గిన ఊరి బడులను పక్క ఊరి బడిలో కలపడం ఈ మొగ్గును ఇంకా పెంచింది. వాగులు పొంగే ఏజెన్సీలో పక్క ఊరి బడి అంటే వానాకాలంలో బడి లేనట్టే.

నిర్వహణ

షెడ్యూల్డు ప్రాంతాల్లో విద్యను ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి పర్యవేక్షిస్తారు. తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం కేంద్రాలుగా ఐటీడీఏలు, చెంచుల కోసం మన్ననూరు కేంద్రంగా మరొకటి పని చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సీతంపేట, పార్వతీపురం, పాడేరు, రంపచోడవరం, చింతూరు వంటివి ఉన్నాయి. బడి స్థాయిలో ప్రధానోపాధ్యాయుడు, వార్డెన్, ఏఎన్ఎం కీలకం. వసతి గృహాలకు సరుకులు సమకూర్చే పనిలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు భాగం ఉంది. అదే సంస్థ అడవి ఉత్పత్తులను గిరిజనుల నుంచి కొంటుంది. విష జ్వరాలు, రక్తహీనత వసతి బడుల్లో నిత్యం ఎదురయ్యే సమస్యలు కాబట్టి ఆరోగ్య పరిశీలన నిర్వహణలో చిన్న విషయం కాదు.

*స్థానిక ఉపాధ్యాయులు, మూడో నంబరు జీవో.* షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులను స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1986లో 275వ నంబరు జీవో ఇచ్చింది. అది న్యాయ పరీక్షలో నిలవకపోవడంతో, ఐదో షెడ్యూలు కింద గవర్నరు అధికారాన్ని వినియోగించి 2000 జనవరి 10న మూడో నంబరు జీవో జారీ చేసింది. బయటి ఉపాధ్యాయులు ఏజెన్సీలో ఉండకుండా మైదానం నుంచి వచ్చిపోవడం, గైర్హాజరు కావడం దీనికి చూపిన ప్రధాన కారణాలు. రెండు దశాబ్దాల పాటు గోండు, కోయ, సవర యువత ఉపాధ్యాయ వృత్తిలోకి రావడానికి ఈ జీవో పెద్ద దారి.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో దీన్ని కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని, గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని తీర్పు చెప్పింది. అదే ప్రాంతంలో నివసించే ఇతరుల ఉద్యోగావకాశాలు మూసుకుపోయాయన్నది జీవోను సవాలు చేసినవారి వాదన. బడిలో ఆ ఊరి భాష మాట్లాడే వ్యక్తి ఉండటం పిల్లల హక్కన్నది ఆదివాసీ సంఘాల వాదన. తీర్పు రిజర్వేషన్ హద్దుల ప్రశ్నను తేల్చింది. పిల్లల భాష వచ్చిన పంతులును ఎలా తేవాలన్న ప్రశ్న ప్రభుత్వాల ముందు అలాగే ఉంది. స్థానికతతో నిమిత్తం లేకుండా భాషా పరిజ్ఞానాన్నే నియామక అర్హతగా పెట్టడం ఒక దారి కాగలదు.

*ఆదివాసీ, లంబాడా వివాదం.* తెలంగాణ ప్రాంతపు లంబాడాలను 1976 సవరణ చట్టం షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. విద్యావకాశాలు, ఉద్యోగాలు ఎక్కువగా వారికే దక్కుతున్నాయని ఆదిలాబాద్ ఆదివాసులు 2017లో ఆందోళనకు దిగారు. కొన్ని గూడేల బడుల్లో లంబాడా ఉపాధ్యాయులు వద్దన్న నిరసనలు కూడా జరిగాయి. తమ వెనుకబాటు చట్టబద్ధంగా గుర్తింపు పొందినదేనని, మైదాన తండాల దారిద్ర్యం ఏజెన్సీకి తీసిపోదని లంబాడా సంఘాలు అంటాయి.

మాతృభాషా బోధన, లిపులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కోలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ: ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. ఆయా తెగల ఉపాధ్యాయులే భాషావేత్తలతో కూర్చుని వాటిని రాశారు. ఒకటో తరగతిలో ఇంటి భాషలో చదవడం రాయడం నేర్పి, తెలుగును మొదట మాటగా పరిచయం చేసి, తరగతి పెరిగేకొద్దీ తెలుగు పాలు పెంచుతూ వెళ్లడం దీని పద్ధతి. లెక్కల పాఠంలో సంత, పోడు, ఇప్పపువ్వు కనిపిస్తాయి. పిల్లలు బడిలో నోరు విప్పడం ఈ పద్ధతి ఇచ్చే మొదటి ఫలితం. అది పరీక్ష మార్కుల్లో వెంటనే కనిపించేది కాదు కాబట్టి పథకాల సమీక్షల్లో దానికి విలువ తక్కువగా కడతారు. వాచకాల పునర్ముద్రణ, ఉపాధ్యాయుల బదిలీ, మూడో తరగతి దాటాక కొనసాగింపు లేకపోవడం కార్యక్రమాన్ని బలహీనపరిచాయి.

2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో బోధనను సూచించింది. రాష్ట్రాల నడక దీనికి భిన్నంగా సాగింది. ఆంధ్రప్రదేశ్ 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేయగా 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. తెలంగాణ 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఇంగ్లీషు కావాలన్న కోరిక ఆదివాసీ తల్లిదండ్రుల్లోనూ బలంగా ఉంది, అది న్యాయమైనదే. అయితే ఇంట్లో కోలామీ, ఊళ్లో గోండి, సంతలో మరాఠీ, పంతులు నోట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న ఏడేళ్ల పిల్లకు మధ్యలో మెట్లు కావాలి.

*గుంజాల గోండి లిపి.* ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి భాషకు ప్రత్యేకమైన లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఉన్నట్టు 2006లో బయటి లోకానికి తెలిసింది. ఇవి 18వ శతాబ్ది మధ్య నాటివని అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం తరఫున జయధీర్ తిరుమలరావు బృందం ఈ ప్రతులను అధ్యయనం చేసింది. లిపి తెలిసిన ఊరి పెద్దల సాయంతో వాచకం తయారైంది, కంప్యూటర్ ఖతులు వచ్చాయి, ఆ ప్రాంతపు బడుల్లో బోధన మొదలైంది. 2018లో యూనికోడ్ 11వ సంచికలో ఈ లిపికి చోటు దక్కింది. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన మరో గోండి లిపి అంతకు ఏడాది ముందే చేరింది. దేవనాగరి, తెలుగు, ఈ రెండు సొంత లిపులు కలిపి గోండికి ఇప్పుడు నాలుగు లిపులు వాడుకలో ఉన్నాయి. వివిధ రాష్ట్రాల గోండులకు ఉమ్మడి వాచకం తేవడంలో ఇది అడ్డంకి. ‘మాకూ అక్షరాలున్నాయి’ అన్న గౌరవం మాత్రం గుంజాల పిల్లలకు ఏ ఇతర లిపీ ఇవ్వలేదు.

ఫలితాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 2001లో 37.04 శాతం. 2011 నాటికి అది దాదాపు 49 శాతానికి చేరింది. అప్పటి రాష్ట్ర సగటు 67.02 శాతం. పదేళ్లలో వచ్చిన పెరుగుదల తక్కువేమీ కాదు, కానీ గిరిజన మహిళల్లో అక్షరాస్యులు 40 శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. గురుకులాల నుంచి వృత్తి విద్యా కోర్సులకు వెళ్లే గిరిజన విద్యార్థుల సంఖ్య పెరిగింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండాకు చెందిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కడం ఆ వ్యవస్థ బాలికలకు ఇచ్చిన ధీమాకు గుర్తుగా నిలిచింది. తెలంగాణలో 2022 సెప్టెంబరులో షెడ్యూల్డు తెగల రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచారు.

మరో పక్క, ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత చెలరేగిన హింస వల్ల గోదావరి దాటి వచ్చిన గుత్తికోయల పిల్లలు ఇంకా బడి అంచునే ఉన్నారు. వారి ఆవాసాలు అటవీ భూమిలో ఉండటంతో శాశ్వత బడి భవనాలకు అనుమతి దొరకదు. అక్కడ హిందీలో చదివిన పిల్లలు ఇక్కడ తెలుగులో మొదటినుంచి మొదలుపెట్టాలి. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం అతి బలహీన సమూహాలకు వసతి గృహాలు కట్టడాన్ని తన పనుల్లో చేర్చింది.

ఇతర దేశాలు

కెనడాలో ఒకటిన్నర లక్షకు పైగా ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి వేరుచేసి, మాతృభాష మాట్లాడితే శిక్షించిన ఆవాస పాఠశాలలపై విచారణ సంఘం 2015లో నివేదిక ఇచ్చింది. న్యూజిలాండ్‌లో 1982లో మావోరీలు ప్రారంభించిన ‘కోహంగా రేయో’ శిశు కేంద్రాలు దానికి పూర్తి విరుద్ధమైన నమూనా: అమ్మమ్మలు, తాతలే మావోరీ భాషలో పిల్లలను పెంచుతారు. 2007 ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన 14వ అధికరణం సొంత భాషలో సొంత విద్యా సంస్థలు నడుపుకునే హక్కును గుర్తించింది. తెలుగు రాష్ట్రాల ఆశ్రమ పాఠశాలలు కెనడా బడుల వంటివి కావు. తల్లిదండ్రులు కోరి చేర్చేవి, సెలవులకు పిల్లలు ఇంటికి వెళ్లేవి. భాష విషయంలో మాత్రం అక్కడి అనుభవం ఇక్కడివారూ తెలుసుకోదగ్గది.

లింగంపల్లి ప్రాంతం

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలం 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమయ్యాక చుట్టుపక్కల పొలాలు, గుట్టలు భవనాలయ్యాయి. గోపన్‌పల్లి తండా వంటి పాత లంబాడా ఆవాసాలు ఇప్పుడు ఐటీ కార్యాలయాల, అపార్టుమెంట్ల మధ్య నగర బస్తీలు. ఇవి ఐటీడీఏ పరిధిలోకి రావు. ఇక్కడి లంబాడా పిల్లలకు ఉన్నవి మామూలు ప్రభుత్వ పాఠశాల, ప్రైవేటు బడి, దూరపు గురుకులం. తండా బడిలో లంబాడీ వాచకం అన్న ఆలోచన నగరంలోకి రానేలేదు.

1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం లింగంపల్లి, గచ్చిబౌలి మధ్య విస్తరించి ఉంది. 1986 నుంచి 1993 వరకు దీనికి ఉపాధ్యక్షుడిగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి 1969లోనే కొండ భాషకు వర్ణనాత్మక వ్యాకరణం ప్రచురించాడు. అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం, అంతరించే ప్రమాదమున్న భాషల కేంద్రం ఇక్కడే పని చేస్తున్నాయి. 2023 చట్టంతో ములుగులో ఏర్పడిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి మార్గదర్శక సంస్థ బాధ్యతను కూడా దీనికే అప్పగించారు. ఇక్కడ రాజనీతిశాస్త్ర ఆచార్యురాలిగా ఉన్న శాంతా సిన్హా నాయకత్వాన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి ఇదే రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్లించే ఉద్యమం నడిపింది. బడికి వెళ్లని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్కన్నది దాని సూత్రం. వయసు మీరిన పిల్లలను శిబిరంలో కొన్ని నెలలు చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చే బ్రిడ్జి కోర్సులు అక్కడ రూపుదిద్దుకున్నాయి. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వయసుకు తగిన తరగతిలో ప్రవేశం 2009 విద్యాహక్కు చట్టంలో నాలుగో సెక్షన్‌గా చోటు చేసుకుంది.

సైబరాబాద్ నిర్మాణ స్థలాలకు పాలమూరు తండాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు వస్తాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. అసలు చిక్కులు వేరు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం మరో రాష్ట్రానికి వలస వస్తే అక్కడ ఆ ప్రయోజనాలు దక్కవు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నప్పుడే బొంబాయి చేరిన ఒక ఆంధ్ర గిరిజన విద్యార్థి వైద్య విద్యా ప్రవేశం కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. ఆ లెక్కన ఒడిశా నుంచి వచ్చిన ఆదివాసీ కూలీ బిడ్డకు తెలంగాణ గిరిజన గురుకులంలో రిజర్వు సీటు రాదు.

నగరం చుట్టూ ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లల కోసం పని ప్రదేశ పాఠశాలలు నడిపారు. ఒడిశా నుంచి పుస్తకాలు, ఒడియా వచ్చిన బోధకులు రావడం వల్ల పిల్లలు సొంత ఊరి తరగతికి తిరిగి అందుకోగలిగారు. బట్టీకి ఒక కాలం ఉంటుంది, కాబట్టి బడికీ ఆ కాలానికి సరిపడా ప్రణాళిక వేయవచ్చు. భవన నిర్మాణంలో అలాంటి కాలపరిమితి లేదు. ఒక టవరు పూర్తికాగానే కుటుంబం కొండాపూర్ నుంచి తెల్లాపూర్‌కో, కొల్లూరుకో మారుతుంది, పిల్లల బడి మారుతుంది. ఇలా మారే పిల్లల పేర్లు ఏ ఒక్క బడి రిజిస్టరులోనూ ఏడాది పొడుగునా ఉండవు, వారి ఇంటి భాషను నమోదు చేసే గడి ప్రవేశ పత్రంలో ఉన్నా దాని ఆధారంగా బోధకుణ్ణి ఇచ్చే ఏర్పాటు నగర పాఠశాలల్లో లేదు.